మొక్కు నీళ్ళు

శాన్ హువాన్ ఎడారిలో రోడ్డు పక్కన బానెట్ ఎత్తిన కారు. అక్కడ జనవరి అంటే నడివేసవి. శనివారం మధ్యాహ్నం. కారులో కోడలు నెలీదా, అత్తగారు ఎదుల్మీరా.

“నీ మొగుడు అనీబాల్‌కి కారు గురించి తెలిసిందల్లా రెండే. బానెట్ ఎత్తడం, బానెట్ దించడం.”

“ఆ విద్య నా దగ్గర నేర్చుకున్నది కాదత్తయ్యా. పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే.”

“ఇవాళ మూడోది కూడా నేర్చాడు. తల్లినీ పెళ్ళాన్నీ రోడ్డు మీద పడేసి లారీ ఎక్కిపోవడం.”

“ఊరికే పోయాడా? వాళ్ళన్నయ్యని ట్రక్కు తెమ్మనడానికి పోయాడు.”

“ఎవణ్ణీ?”

“తోరివియో బావగారిని. మనం వెళ్తున్నది ఆయనింటికేగా.”

“నేను వెళ్తున్నది పిల్ల జ్ఞానస్నానానికి. వాడింటికి కాదు.”

“ఆ పిల్ల ఆయనింట్లోనే ఉందిగా మరి.”

“ఉంటే ఉంది. రేపు చర్చిలో చూస్తాను.”

“చూడ్డమేంటి? జ్ఞానతల్లి మీరే కావాలని మీ పెద్దకోడలు జులేమా పదేపదే కబురు పెట్టింది కదా మీకు. పిల్లని ఎత్తుకోవాల్సింది మీరే. తండ్రి పక్కన నిలబడకుండా ఎలా ఎత్తుకుంటారు?”

“నేనిటు, వాడటు, మధ్యలో ఫాదర్. మాట్లాడాలని ఏ సువార్తలోనూ రాసి లేదు. అబ్బ, ఏం ఎండే! ఆ సీసా ఇలా ఇయ్యి.”

“ఏ సీసా?”

“నీళ్ళదే.”

“నీళ్ళేవీ? అన్నీ మీ మొక్కుకే పోయాయి కదా. ఇందాక మలుపులో ఆ తల్లి గుడి దగ్గర సీసాలన్నీ దించమన్నారు, దించాం.”

“అన్నీనా? మొక్కువి వేరు, తాగేవి వేరు కదే!”

“ఆ మాట నేనూ అన్నాను. ‘దాహంతో చచ్చిపోయిన తల్లి దగ్గర పీనాసితనమేంటే’ అన్నారు. కారుకని ఉంచినవి కూడా దించేశాడు మీ కొడుకు. మీ మాటంటే వేదం కదా ఆయనకి.”

“థర్మాస్‌లో?”

“మాతే ఆకు టీ కోసం కాచిన నీళ్ళు మీరే స్వయంగా ఆ రాళ్ళ మీద పోశారు. ‘పాపం తల్లి, వేడివైనా తాగుతుందిలే’ అంటూ.”

“వెటకారాలొద్దు. ఈ పిల్ల నిలవాలనే కదా పోసింది. మొదటిదానిలా కాకుండా.”

“తెలుసు.”

“ఆల్బాలా కాకుండా.”

“తెలుసత్తయ్యా. డిక్కీలో వైనుంది, కావాలంటే.”

“ఈ ఎండలో వైన్ తాగితే, రేపు జ్ఞానస్నానం చేయించాల్సిన ఫాదర్ నాకు అంత్యక్రియలు చేయిస్తాడు.”

“అదేంటి, మీకు చెమటే పట్టడం లేదు?”

“అదీ ఎండిపోయిందేమో.”

“పెదాలు తెల్లగా పగిలిపోయాయి. అత్తయ్యా, ఒకసారి నా వైపు చూడండి.”

“చూస్తూనే ఉన్నా. ఇద్దరిలా కనిపిస్తున్నావు. ఒక్కదానితోనే వేగలేక చస్తుంటే.”

“ఇప్పుడు జోకులేంటి? మలుపు ఎంతో దూరం లేదు. గుడిలో మన సీసాలే బోలెడు—”

“ఆ మాటనకు.”

“మనం పెట్టినవే కదా!”

“పెట్టాక మనవి కావు. ఈ ఇసకలోనే గుక్కెడు నీళ్ళు లేక ప్రాణం పోయింది ఆ తల్లికి. ఆవిడ నోటి దగ్గర పెట్టినవి లాక్కుంటావా?”

“తన ప్రాణం పోయాక కూడా పసివాడికి పాలిచ్చిన తల్లి ఆవిడ. దప్పికైన వాళ్ళకి ఇవ్వనంటుందా?”

“ఇవ్వనందిగా! తోరివియో ఏం చేశాడు? ఇదే రోడ్డు. కారు పొగలు కక్కిందని ఆ గుడిలో సీసాలెత్తుకొచ్చి పోశాడు. ఏమైంది? ఆసుపత్రికి చేరిన మర్నాడే ఆల్బా పోయింది.”

“ఆల్బా జ్వరంతో పోయింది. ఒళ్ళు కాలిపోతుంటే ఆ నీళ్ళతోనే తుడిచారు, ఆ నీళ్ళే నోట్లో పోశారు. అవే లేకపోతే ఆసుపత్రి దాకా కూడా వచ్చేది కాదు.”

“వాడు చెప్పాడా నీకు?”

“జులేమా చెప్పింది. ఆయన ఎవరికేం చెప్తాడు? చెప్పనిచ్చారా మీరు? శవపేటిక పక్కన, ఊరందరి ముందూ, ‘ఆ తల్లి దగ్గర దొంగతనం చేశావు, ఆవిడ నీ బిడ్డని పట్టుకుపోయింది’ అన్నారు.”

“అన్నాను.”

“కన్నతల్లి అనాల్సిన మాటేనా అది?”

“అన్నానంటున్నాగా! ఆ అద్దం ఇంకాస్త దించు. గాలాడ్డం లేదు.”

“పూర్తిగా దించే ఉంది. అత్తయ్యా? అత్తయ్యా! కళ్ళు మూయకండి. నేనలా తుప్ప చాటుకెళ్ళి ఇప్పుడే వస్తాను.”

“తుప్ప అటుంటే ఇటు పోతావేంటే?”

“అటు పాములుంటాయి.”

“నెలీదా… ఏయ్… ఇంతసేపా?”

“వచ్చేశా, వచ్చేశా. లేవండి. ఇవిగో నీళ్ళు. డిక్కీలో వైన్ పెట్టె వెనక ఒక సీసా దొర్లిపోయింది.”

“డిక్కీ తీసిన చప్పుడు కాలేదే.”

“మీరు సగం నిద్రలో ఉన్నారు.”

“రొప్పుతున్నావేం మరి?”

“లావెక్కాను. మీ అబ్బాయి రోజూ అంటూనే ఉంటాడు. ముందు తాగండి.”

“ఇటియ్యి. నాకు చేతులున్నాయి.”

“గటగటా తాగకండి. మెల్లిగా.”

“నువ్వూ తాగు.”

“నాకొద్దు.”

“తాగమన్నానా! ఇంకో గుక్క. ఆ. ఇప్పుడు నాకియ్యి.”

“ఎలా ఉంది?”

“నీళ్ళలా ఉంది.”

“అదిగో, దుమ్ము లేస్తోంది. బావగారి ట్రక్కే. అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆయన పలకరిస్తే మాత్రం—”

“నా జుట్టు సరిచెయ్యి ముందు.”

“నెలీదా! ఏం కాలేదు కదా? ట్రక్కు వెనక అనీబాల్ నీళ్ళ క్యాన్లు దించుతున్నాడు. అమ్మ… మీ అత్తగారెలా ఉన్నారు?”

“ఇక్కడే ఉన్నారు బావగారూ. మీరే అడగండి.”

“నువ్వడుగు. నీళ్ళేమైనా తాగిందేమో అడుగు.”

“తాగానని చెప్పవే.”

“తాగారట బావగారూ.”

“వినపడింది. ఎక్కడివి? ఒక్క చుక్క లేదని ఏడుస్తూ వచ్చాడే వీడు!”

“అదీ… డిక్కీలో ఒకటి దొర్లి—”

“నువ్వుండవే. అబద్ధమైనా సరిగ్గా చెప్పడం రాదు. డిక్కీలో ఉన్న సీసాకి గుడిలో కొవ్వొత్తుల మైనం ఎలా అంటుకుంటుందే?”

“అత్తయ్యా! మీరు చూశారా?”

“మూత తిప్పకముందే చూశాను. తోరివియో, ఇలా రా.”

“నన్నేనా అమ్మా?”

“ఇంకెంతమంది తోరివియోలున్నార్రా ఇక్కడ? దగ్గరికి రా, అరిచే ఓపిక లేదు. నేను ముసలిదాన్ని. ఇవాళ కాకపోతే రేపు పోయేదాన్ని. అయినా ఆగలేకపోయాను నాయనా. ఎక్కడివో తెలిసే తాగాను. ఆ రోజు నీ చేతుల్లో ఉన్నది పసిపిల్ల.”

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? లే, ట్రక్కెక్కు.”

“విన్నాకే ఎక్కుతాను. పేటిక పక్కన నిలబడి నిన్ను దొంగన్నాను. ఊరంతా విన్నది. రేపు నీ కూతుర్ని ఎత్తుకునే ముందు ఊరంతా వినేట్టు చెప్తాను, ఇవాళ నువ్వు విను. ఆ రోజు తప్పు చేసింది నువ్వు కాదు. నేను.”