ఎదుటి మగ్గం

పనిచోట మనుషుల మనసుల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి, బట్టల మిల్లు ఆఫీసు గదిలో, రిటైరైన మరమగ్గం పనివాడొకాయన్ను ప్రశ్నలు అడుగుతోంది.

"తాతగారూ, అంత హోరులో చిరాకేసేది కాదా?"

"హోరంటే అట్లాంటిట్లాంటి హోరా! మిల్లు మీదుగా ఎగిరిన కాకి కావుమనడం మరిచిపోయేదమ్మా."

"కోతలు చాలండీ. మరి మాట్లాడుకునేదెలా?"

"పెదాలు చూసి చదివేసుకునేవాళ్లం. మా ఆవిడది ఎదుటి మగ్గం. పొద్దస్తమానం నన్ను తిట్టేది. ఒక్క ముక్క చెవిన పడితే ఒట్టు!"

"ఇప్పుడావిడ..."

"మొన్న వానల్లో పోయింది. ఇల్లంతా చడీచప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో ఆవిడ మాటొక్కటీ గుర్తుకు రావట్లేదు తల్లీ. మగ్గాల షెడ్డులోకి పనివాళ్లను తప్ప రానివ్వరు, నీకైతే అనుమతిచ్చారు కదా. నీ వెంట ఒక్కసారి తీసుకెళ్తావా?"

"పదండి."

మగ్గాల హోరులో, తన పాత చోట నిలబడి ఆయన ఎదుటికే చూస్తున్నాడు. అమ్మాయి ఆయన ముందుకొచ్చి, చెవిలో అరిచింది.

"ఏమనిపిస్తోంది తాతగారూ?"

ఆయనా అరిచాడు.

"కాస్త పక్కకు జరుగమ్మా! ఆవిడేదో అంటోంది, నువ్వు అడ్డొచ్చావు."