మీసాల డ్రైవరు మాస్కు

మధ్యాహ్నం వేళ, గిరాకీ లేని కటింగ్ షాపు. కుర్చీలో ఉన్నది డిపోలో అందరూ మీసాల డ్రైవరు అని పిలిచే మనిషి, కత్తెర పట్టుకున్నది షాపు యజమాని. ఇద్దరికీ నిద్రలో ఊపిరి ఆగే జబ్బే, కాకపోతే ఒకరికి పాతది, ఇంకొకరికి కొత్తది.

"మీసం జోలికి మాత్రం రాకన్నా. తల వరకే."

"తల వరకే. ఇప్పటికి మూడుసార్లు చెప్పారు డ్రైవరుగారూ. నేనేమన్నా మీసాల దొంగనా?"

"నీ చూపంతా అక్కడే ఉంది మరి."

"అద్దంలో ఎదురుగా అంత పొద ఉంటే చూపు ఇంకెక్కడికి పోతుంది? సరే గానీ, డాక్టరమ్మ మిమ్మల్ని నా దగ్గరికి పంపింది కటింగ్‌కి కాదుగా. మిషన్ ఎలా ఉంది?"

"ఏ మిషన్?"

"కుట్టు మిషన్. ఏ మిషనేంటండీ, రాత్రిళ్ళు ముక్కుకి తగిలించుకునేది."

"ఓ, అదా. బాగుంది."

"బాగుంది అంటే?"

"బాగుంది అంటే బాగుంది. బ్రహ్మాండంగా ఉంది. ఈ చెవి పక్కన ఇంకాస్త తగ్గించు."

"తగ్గిస్తాను. మాస్కు ఊడిపోవడం, గాలి కంట్లోకి కొట్టడం, పొద్దున్నకి నోరు ఎండిపోవడం, ఇలాంటివి?"

"అబ్బే."

"ఏమీ లేవూ?"

"ఏమీ లేవు."

"మొదట్లో ఇవేవీ లేని మనిషిని నేనింతవరకూ చూడలేదు. నేనైతే పైపు మెడకి చుట్టుకుంటే పామనుకుని మంచం దిగి పరిగెత్తాను. మాస్కు మొహానికే ఉంది, మిషన్ నా వెనకాలే దొర్లుకుంటూ వచ్చింది."

"మీ ఇంటావిడ ఏమంది?"

"ఏమంటుంది, లైటేసి చూసి, 'ఇంత రాత్రప్పుడు దాన్నెక్కడికి తీసుకెళ్తున్నారు' అంది."

"మరి ఎలా అలవాటైంది నీకు?"

"మీకు బ్రహ్మాండంగా ఉందిగా. నా గోల మీకెందుకు?"

"ఊరికే. వినడానికి."

"ఊరికేనా. సరే, ఊరికే వినండి. మా వీధి బడిలో గంట కొట్టే ఆయన ఉన్నాడు. గంట పక్కనే నిద్రపోయేవాడు. పిల్లలే ఆయన్ని లేపి గంట కొట్టించుకునేవాళ్ళు. ఆయనకి నాకంటే ముందే వచ్చింది మిషన్. 'రాత్రి మొదలుపెట్టడమే నువ్వు చేసిన తప్పు' అన్నాడు. పగలు పెట్టుకో అన్నాడు. పైపు తీసేసి ఒట్టి మాస్కు పెట్టుకుని రేడియో విను, కూరగాయలు తరుగు, బట్టలు మడతపెట్టు. ముక్కుకి అది చుట్టమయ్యాక అప్పుడు పక్కలోకి తీసుకెళ్ళు అన్నాడు."

"మాస్కు పెట్టుకుని కూరగాయలా?"

"ఉల్లిపాయలు తరిగితే కళ్ళమ్మట నీళ్ళు కూడా తగ్గాయి. నవ్వకండి, కత్తెర జారుతుంది. ఇప్పుడు మేం నలుగురం. నేను, గంటాయన, బేకరీ ఆయన, ఒక లెక్కల టీచరమ్మ. ఆదివారం షాపు మూశాక ఇక్కడే కూర్చుంటాం. గురక సంఘం అంటారు ఈ వీధిలో. మా సభ్యులందరికీ ఒక గుర్తుంటుంది. బుగ్గ మీద పట్టీ గీత. ఇదిగో, నాది చూడండి, ఈ వేళకి కూడా పోలేదు. ఎందుకలా బుగ్గలు తడుముకుంటున్నారు?"

"దురదగా ఉంటే."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. చేతులు దించండి, వెంట్రుకలు పడతాయి."

"నా చర్మానికి గీతలు పడవన్నా."

"పడవు. ఇంకోటి అడుగుతాను. మీకిచ్చింది ముక్కు కింద ఆనే మాస్కు కదా. ఇంత మీసం మీద అది ఎలా ఆనుతోంది? గాలి పక్కలమ్మట పోయి ఈల వెయ్యాలే?"

"మాది వెయ్యదు."

"వెయ్యదు."

"చాలా బుద్ధిమంతురాలు మా మిషన్. నన్ను నమ్మకపోతే రిపోర్టుని నమ్ము. మిషన్లో రాత్రి లెక్కంతా ఎక్కే చిప్పు తీసి చూసింది డాక్టరమ్మ. రాత్రంతా పెట్టుకుంటున్నానట. గాలి కాస్త కూడా బయటికి పోవట్లేదట. ఊపిరి ఆగబోయినప్పుడల్లా మిషన్ గాలి పెంచి నిలబెడుతోందట. తెరమీద గీతలు కూడా చూపించింది, కొండల్లా ఉన్నాయి."

"అంత మెచ్చుకున్నావిడ మీ డిపో వాళ్ళడిగిన సంతకం పెట్టకుండా నా దగ్గరికెందుకు పంపింది?"

"పెడతానంది. సాయంత్రం రమ్మంది. మా ఇంటావిడ మిషన్ తీసుకుని ఇక్కడికే వస్తుంది, ఇద్దరం కలిసి పోతాం."

"అది కాదు. నా దగ్గరికెందుకు పంపింది?"

"అంతా మెచ్చుకుని, తలెత్తి నా మీసం చూసింది. కాసేపు చూసింది. 'ఒకసారి ఆ కటింగ్ షాపాయనతో మాట్లాడి రండి' అంది."

"తెలివైంది. ఆ సంతకం ఉంటే ఏమవుతుంది?"

"నా స్టీరింగ్ నాకొస్తుంది. బస్సు దింపేసి, మర్చిపోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారన్నా నన్ను. గొడుగులకి కాపలా. ఎండాకాలంలో గొడుగుల కోసం ఎవరొస్తారు? పొద్దుణ్ణించీ వాటి మొహం నేను, నా మొహం అవి."

"తమ్ముడూ."

"గారు ఎక్కడికి పోయింది?"

"గారు తర్వాత తగిలిస్తాను. ఆ మాస్కు ఎవరు పెట్టుకుంటున్నారు?"

"అదేం ప్రశ్న?"

"ఎవరు పెట్టుకుంటున్నారు?"

"ఫ్యాను కొంచెం పెంచుతావా?"

"తమ్ముడూ."

"మా ఇంటావిడ."

"ఎవరూ?"

"మా ఇంటావిడన్నా. ఆవిడ మాస్కు పెట్టుకుని గదిలో పడుకుంటోంది. నేను హాల్లో సోఫా మీద."

"ఓరి నీ అసాధ్యం కూలా."

"మొదటి రాత్రే పీకి పారేశాను. ఎవరో నా మొహం మీద చెయ్యి పెట్టి నొక్కినట్టుంది. రెండో రాత్రీ అంతే. చూస్తే చిప్పు ఖాళీ. చిప్పు ఖాళీగా ఉంటే ఉద్యోగం ఖాళీ. కాళ్ళావేళ్ళా పడి నేనే బతిమాలాను ఆవిణ్ణి."

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది మీ సంసారం. పాపం ఆవిడకి నిద్రెలా?"

"మొదటి రోజు సణిగింది. తర్వాత మాట్లాడలేదు. అసలీ మధ్య హుషారుగా ఉందన్నా. పొద్దున్నే నాకంటే ముందు లేచి పాటలు. తలనొప్పి మాత్రలు మానేసింది. పోస్టాఫీసులో పార్సిళ్ళ మీద తలపెట్టి కునుకు తీస్తుందని ఆవిడకి పేరు, నేనూ ఏడిపించేవాణ్ణి. ఇప్పుడదీ లేదట."

"నీ గురక హాల్లోకి పోయింది కదా. ఏ పెళ్ళాం హుషారుగా ఉండదు?"

"నేనూ అదే అనుకున్నా."

"నవ్వాలో తిట్టాలో తెలియట్లేదు నాకు. ఒకటి చెప్పు. మందు పెళ్ళాం మింగితే మొగుడి రోగం తగ్గుతుందా?"

"తగ్గదు."

"మరి ఆ సంతకంతో నువ్వెక్కేది నిజం బస్సేనా, బొమ్మ బస్సా?"

"దెప్పకన్నా."

"దెప్పాలి. ఈ షాపు ముందే స్టాపు. మా కోడలు ఇక్కడే ఎక్కుతుంది. ఆ బడి పిల్లలు నిన్ను చూడగానే మీసాలంకుల్ అని చెయ్యి ఊపుతారు. ఆ రోజు అసలేం జరిగింది?"

"ఏముంది, బస్సు ఫుట్‌పాత్ ఎక్కింది. దీని తర్వాతి స్టాపులో. బెంచీ విరిగింది."

"బెంచీ మీద?"

"ఎవరూ లేరు. నా ముందు బస్సు అప్పుడే అందరినీ ఎక్కించుకుపోయింది."

"అది అదృష్టం తమ్ముడూ. డ్రైవింగ్ కాదు."

"తెలుసు."

"తెలిస్తే మరి?"

"సిగ్నల్ గుర్తుందన్నా. తర్వాత బెంచీ గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. కళ్ళు మూసుకున్నట్టు కూడా తెలీదు. ఎన్నేళ్ళ నుంచో నడిపిన రోడ్డు, మధ్యలో ఒక ముక్క ఎవరో కత్తిరించేశారు. ఆ ముక్క కోసం రోజూ వెతుకుతున్నా."

"భయంగా ఉందా?"

"చాలా భయంగా ఉంది."

"దేనికి? మాస్కుకా, బెంచీకా?"

"రెండింటికీ."

"మాస్కు భయం నేను పోగొడతాను. రెండోది నావల్ల కాదు, అది ఉండాల్సిందే. వెనక్కి వాలు."

"ఎందుకు?"

"మా సంఘం ఇక్కడ కూర్చునేది ఈ కుర్చీ వాలుతుందనే. నా మిషన్ పగలు ఇక్కడే ఉంటుంది, మధ్యాహ్నం నేనూ ఓ కునుకు తీస్తాను. మాస్కు కొత్తది, నీలాంటి వాళ్ళ కోసమే దాచాం. ఊఁ, ఇలా. పట్టీ బిగించను, నీ చేత్తోనే పట్టుకో. వద్దనిపిస్తే తీసెయ్, ఎవరూ ఏమీ అనరు. గాలి వదులుతున్నా, కొంచెమే."

"అన్నా, నా వల్ల కాదు, ఊపిరి..."

"తీసెయ్. కాసేపాగు. మళ్ళీ పెట్టు. నువ్వు గాలితో పోట్లాడుతున్నావు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఏం చేస్తావు?"

"గేర్లో వదిలేస్తా. అస్తమానం బ్రేకు తొక్కను."

"ఇదీ అంతే. బ్రేకు తొక్కకు. నోరు మూసుకో, గాలి దాని దారిన అది వస్తుంది, పోతుంది. ఏదీ, ఇంకోసారి. ఇంకోసారి. ఊఁ. మాట్లాడకు, చెయ్యి ఊపు చాలు. పర్వాలేదా? చూశావా. ఇప్పుడు ఆ చప్పుడు విను."

"ఏంటది, కుక్కర్ ఈల వేసినట్టు?"

"నీ మీసం. గాలంతా దాని కింద నుంచే పోతోంది. నువ్వు రాత్రంతా పెట్టుకున్నా నీ ముక్కుకి చేరేది సగమే."

"ముక్కూ నోరూ కలిపి మూసే మాస్కులున్నాయిగా?"

"ఉన్నాయి. అడుగు డాక్టరమ్మని, అదీ ఒక దారే. కాకపోతే ఇదే నొక్కినట్టుందన్నవాడివి, దాన్ని భరిస్తావా?"

"భరించలేను."

"మీసం ఉంచుకోవద్దని నేననట్లేదు. మూడుసార్లు చెప్పావు, నాకు గుర్తుంది."

"పిల్లలు గుర్తుపట్టరేమో అన్నా."

"బస్సుని గుర్తుపడతారు."

"మా డిపోలో అసలు పేరే ఎవరికీ తెలీదు. ఇది పోతే నన్నేమని పిలుస్తారు?"

"డ్రైవరు అంటారు."

"ఒట్టి డ్రైవరా."

"తల అయిపోయింది. లేస్తావా మరి?"

"తీసెయ్."

"దేన్ని?"

"నీకు తెలుసు దేన్నో. మళ్ళీ వద్దంటాను, వినకు."

"కళ్ళు మూసుకో."

"వద్దన్నా."

"విననుగా."

"అయిపోయిందా?"

"సగం. ఇప్పుడు లేస్తే ఊరంతా నవ్వుతుంది. కదలకు."

"చల్లగా ఉంది అక్కడ."

"ఇన్నేళ్ళకి గాలి తగిలింది మరి. ఊఁ, చూసుకో. బాగున్నావు. మా బావమరిదిలా ఉన్నావు."

"మీ బావమరిది బాగుంటాడా?"

"అదెందుకులే ఇప్పుడు. ఎవరో వస్తున్నారు. రండమ్మా, ఎవరు కావాలి?"

"మా ఆయన ఇక్కడున్నారా అన్నయ్యగారూ? ఇంతింత మీసాలుంటాయి."

"ఉండేవి. కుర్చీలో ఉన్నారు చూడమ్మా."

"ఇదేంటండీ. ఎవరు చేశారీ పని?"

"నేనే చేయించుకున్నానే. ఎలా ఉన్నాను?"

"తర్వాత చెప్తాను. పెళ్ళిచూపుల్లో ఇలాగే ఉంటే ఆలోచించి ఉండేదాన్ని. ఎందుకిదంతా?"

"అన్నకి అంతా చెప్పేశాను. డాక్టరమ్మకి కూడా చెప్పేస్తాను, చిప్పులో ఉన్నది నేను కాదని. తిడితే తిట్టనీ. సంతకం ఇప్పుడే వద్దంటాను. కొన్నాళ్ళు గొడుగుల గదిలోనే కూర్చుంటాను. ఇవాళ్టి నుంచి మిషన్ నేనే పెట్టుకుంటాను."

"మీరా?"

"నేనే. మీసం లేదుగా, ఈల వెయ్యదు. గాలితో పోట్లాడకుండా ఉండటం కూడా వచ్చింది. నా కోసం చాలా కష్టపడ్డావే. ఇక నువ్వు హాయిగా పడుకో. ఆ మిషన్ సంచి ఇటివ్వు."

"ఇవ్వను."

"అదేంటే?"

"ఇవ్వనండీ. ఇంకోటి తెప్పించుకోండి."

"ఏమైందమ్మా? ఆయన మారతానంటున్నాడుగా, సంతోషించాలి గానీ."

"సంతోషమే అన్నయ్యగారూ. కానీ ఇది ఇవ్వలేను. మొదటి రాత్రి ఆయన కోసం పెట్టుకున్నాను, ఏడుస్తూ. మర్నాడు పొద్దున్న లేస్తే తల బరువు లేదు. కాళ్ళు ఈడ్చుకుంటూ నడవలేదు. ఇంత తేలిగ్గా లేవొచ్చని నాకు గుర్తే లేదు. ఆ రోజు నుంచీ ఆయన కోసం కాదు, నా కోసం పెట్టుకుంటున్నాను."

"తమ్ముడూ. ఊపిరి ఆగబోయినప్పుడల్లా మిషన్ గాలి పెంచిందన్నావు కదా."

"అవును, కొండల్లాంటి గీతలు..."

"ఆ ఊపిరి ఎవరిది?"

"అంటే... ఏమే, నీకెందుకుంటుందే ఈ జబ్బు? పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నా, ఒక్క రాత్రయినా నువ్వు గురక పెట్టగా నేను వినలేదు."

"మీ గురకలో నా గురక ఎవరికి వినపడిందండీ?"