దిగొద్దు బావా

పైకెత్తిన ఫోర్కులు దించకుండానే ఫోర్క్‌లిఫ్ట్‌ను గోడౌన్ బయటికి తెచ్చేసరికి, దాని ఇనుప చట్రం పోయి కరెంటు తీగకు ఆనుకుంది. సీట్లో బావ. దూరంగా నిలబడి, రెండు చేతులూ ఊపుతూ బావమరిది.

“దిగొద్దు బావా! కాలు కింద పెట్టావంటే కరెంటంతా నీలోంచే పోతుంది.”

“ఒక్క గెంతు గెంతేస్తానురా.”

“మంట లేస్తే గెంతుదువుగాని. లైన్‌మన్ వచ్చేదాకా కూర్చో.”

“నిప్పురవ్వలు ఆగిపోయాయిగా! కరెంటు పోయినట్టుంది, దిగుతున్నా.”

“పోయింది మళ్ళీ దానంతటదే రావచ్చు! ఆగు, అక్క ఫోన్లో ఉంది.”

“మీ అక్కకెందుకు చెప్పావురా! నా కొంప ముంచావు.”

“నా మాట వినవుగా మరి. కదిలితే కాళ్ళు విరగ్గొడతానంటోంది. ఇంట్లో కారే కుళాయి ఎప్పుడు బాగుచేస్తావని కూడా అడుగుతోంది.”

“ఈ ఆదివారమే అని చెప్పు.”

“పోయిన ఆదివారమూ ఇదే అన్నావట.”

బావమరిది తీగ మీంచి చూపు తిప్పడం లేదు, అయినా నవ్వు ఆగడం లేదు. బావ ఇంతసేపు ఒక్కచోట కూర్చుని అక్క మాట వినడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

కాసేపటికి లైన్‌మన్ వచ్చి, కరెంటు తీసేసి, తీగను పరీక్షించి చెయ్యి ఊపాడు.

“ఇక దిగు బావా, భయం లేదు.”

“గేటు దగ్గర్నుంచి విసవిసా వస్తోందెవర్రా?”

“అక్కే. ఉండబట్టలేక వచ్చేసినట్టుంది.”

“అయితే లైన్‌మన్‌ని ఇంకోసారి చూడమనరా. కరెంటు పూర్తిగా పోయినట్టు లేదు.”