చెంచమ్మ చేతి పచ్చగీత

చెంచమ్మకి పెళ్ళి కుదిరింది గానీ చేతికి పచ్చబొట్టు లేదంట. నవ్వబాకండే, ఆ కాయలు వలుస్తానే వినండి, ఇప్పుడు మీకు అదేం లెక్కలోది కాదు గానీ ఆ రోజుల్లో అదొక వింత. పాకే పిల్లకి కూడా నుదుట ఒక చుక్కన్నా ఉండేది. పచ్చబొట్టు లేని చేత్తో నీళ్ళిస్తే అత్తగారింట్లో పెద్దోళ్ళు ముట్టేవోళ్ళు కాదంట. మరి ఈ పిల్ల ఎందుకు పొడిపిచ్చుకోలేదంటే, సూదికి భయపడి కాదు. దానికి అమ్మ లేదు. మాలకొండమ్మ అని, ఈ పిల్ల పాలు తాగతా ఉండగానే జొరమొచ్చి పోయింది. మొహం తెలియదు, గొంతు తెలియదు. దాన్ని పెంచింది నాయనమ్మ. ఆ నాయనమ్మ ఏం చెప్పేదంటే, సచ్చినాక ముక్కుపుల్ల ఊడబీకుతారే, కాళ్ళ కడియాలు ఊడబీకుతారు, పచ్చబొట్టు ఒక్కటే ఎవుడూ ఊడబీకలేడు, అదొక్కటే మనెంట వస్తది, పైన మనోళ్ళు మనల్ని గుర్తుపట్టేది దాంతోనే అనేది. ఆ మాట ఈ పిల్ల మనసులో పడిపోయింది. అమ్మ చేతికి ఏముందో నా చేతికీ అదే ఉంటే, నేను పోయిననాడు ఇదిగో నా బిడ్డ అని వచ్చి పట్టుకుంటది, లేకపోతే అంత జనంలో నేనెవురో తనెవురో అనుకుంది. తప్పు బొమ్మ పొడిపిచ్చుకున్నావనుకో, కడిగితే పోయేదా, గోకితే పోయేదా? అమ్మని రెండోసారి పోగొట్టుకున్నట్టే గదా. అందుకని పచ్చబొట్లు పొడిచే సూదులోళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా మళ్ళీ ఏడు, మళ్ళీ ఏడు అని దాటేస్తా వచ్చిందంట.

ఇంక పెళ్ళి దగ్గర పడింది. దాటేసేదానికి లేదు. అప్పుడు ఇంట్లో అందర్నీ పట్టుకుని అడిగింది, మా అమ్మ చేతికి ఏముండేది అని. వాళ్ళ నాయన వెంగయ్య కోతలకి పొయ్యే మనిషి. ఆయన, కొడవలమ్మా, వంపు తిరిగి పైన పిడి, అచ్చం కొడవలే, ఎడం ముంజేతికి ఉండేది అన్నాడు. మేనత్త అంకమ్మ పెళ్ళిళ్ళకి వంటకి పొయ్యేది. ఆమె, కొడవలి ఏంది మీ నాయన మొహం, గరిటె అది, నాతో పాటు పొయ్యికాడ నిలబడే మనిషికి గరిటె గాక ఏముంటది అంది. నాయనమ్మ ఇద్దర్నీ కసిరింది. కొడవలీ కాదు గరిటే కాదు, తేలు, కొండి పైకెత్తిన తేలు, నేను చూసినా అంది. ఆ ముసలామెని చిన్నప్పుడు తేలు కుట్టిందిలే, అప్పట్నుంచి చీపురుపుల్ల కనపడినా ఆమెకి తేలే. చూసినారా, ఒక్క చెయ్యి, ముగ్గురు చూసినారు, మూడు బొమ్మలు. చెంచమ్మకి ఏడుపొచ్చింది. నాయనా, ఇది ఏందే అని నువ్వన్నా మా అమ్మని అడగలేదా అంది. అడిగినానమ్మా, అడిగితే నవ్వి, మళ్ళీ ఏడు చూద్దువులే అంది, ఎగతాళి చేస్తందనుకున్నా అన్నాడు వెంగయ్య. అని తువ్వాలుతో మొహం తుడుచుకుని బయటికి పోయినాడంట. ఆ మనిషి పెళ్ళాం పోయినాక మళ్ళా చేసుకోలేదు గదా, ఆ మాట ఆయనకి అప్పటికీ గుచ్చుకుంటా ఉండేదంట.

అప్పుడు జొన్నచేలు పాలుబోసుకునే కాలం. చెంచమ్మ పొద్దుటేళ వడిసెల తీసుకుని మంచె ఎక్కేది, పిట్టలు తోలేదానికి. మీలో మంచె ఎక్కినోళ్ళు ఎవురున్నారు? ఎవురూ లేరు. అయితే మీకేం తెలుస్తది ఆ నిద్ర. కింద అంతా పచ్చగా, వెన్నులు గాలికి ఇటు వాలి అటు లేస్తా ఉంటే మంచె కూడా ఊగతన్నట్టే ఉంటది. మజ్జాన్నం పిట్టలు కూడా గమ్మున నీడకి పోతాయి. రెప్ప వాలిందంటే నువ్వు చేలో ఉన్నావో, నీళ్ళల్లో ఉన్నావో తెలియదు. ఆ కునుకులో చెంచమ్మకి అమ్మ వచ్చేది. చేను మధ్యలో నడుం దాకా జొన్నల్లో, ఇటు వీపు పెట్టి నిలబడి ఉండేదంట. ఒక చెయ్యి మాత్రం ఏదో పట్టుకుని మెల్లగా పోతా, వస్తా, పోతా, వస్తా ఉండేది. ఏం పట్టుకుందో జొన్నల్లో కనపడదు. అమ్మా, ఆ చెయ్యి ఒక్కసారి ఇటు చూపియ్యవే అంటే, తిరక్కుండానే, వదిల్తే ఎట్టమ్మా అనేది. అంతే, ఒక్క మాట. మెలకువొచ్చేది.

ఒకనాడు ఏం చేసిందంటే, బొగ్గు ముక్క ఆముదంలో అద్ది చేతి మీద కొడవలి గీసుకుని పడుకుంది. అమ్మ వచ్చింది, తిరగలేదు. ఇంకోనాడు గరిటె గీసుకుని పడుకుంది. తిరగలేదు. తేలు గీసుకున్ననాడు అసలు అమ్మే రాలేదు, చేనంతా వెతుక్కుంటా తిరిగిందంట కలలో. లేచేసరికి పిట్టలు సగం చేను తినేసినాయి. వెంగయ్యే వచ్చి ఆ పిట్టల్ని తోలినాడంట.

ఇంతలోకి పచ్చబొట్లోళ్ళు రానే వచ్చినారు. ఊళ్ళో తిరిగేది ఒక నడీడు మనిషి. చెంచమ్మ ఆమెని ఆపి, మా అమ్మకి పొడిచింది నువ్వేనా, ఏం పొడిచినావు అని అడిగింది. ఆమె నవ్వి, అప్పటికి నేనింకా కోడలిగా కూడా రాలేదమ్మా, ఈ పక్క ఊళ్ళన్నీ మా అత్త తిరిగేది, ఆమెకి ఇప్పుడు చూపానదు, వాగొడ్డున గుడారం కాడ ఉండాది, పోయి అడుగు అంది. చెంచమ్మ వడిసెల అక్కడే పడేసి పోయింది. వాగులో నీళ్ళు సన్నగా పారతన్నాయి. గాడిదలు ఎండలో నిలబడే నిద్రపోతన్నాయి. గుడారం నీడన ముసలామె కూచుని ఉంది, పోలమ్మ ఆమె పేరు, ఒళ్ళంతా పచ్చబొట్లే, చర్మం ఏదో బొమ్మ ఏదో తెలియకుండా. ఎవురి బిడ్డవే అంది. మాలకొండమ్మ బిడ్డనవ్వా, కోతల వెంగయ్య కూతుర్ని అంది చెంచమ్మ. ముసలామె దగ్గరికి రమ్మందంట. చెయ్యి చాపి, ఈ పిల్ల ముంజెయ్యి తడిమి తడిమి, పాల కోసం ఏడ్చిన బిడ్డవు నువ్వేనా అంది.

 చెంచమ్మ ఆమె ముందు కూచుంది. ముసలామె చెప్తా ఉంది. వేల చేతులు పట్టుకున్నా తల్లీ, ఒక్కటీ గుర్తులేదు. సగంలో వదిలిన చెయ్యి ఒక్కటే గుర్తు. మీ ఇంటి వసారాలో చీర ఉయ్యాల కట్టి ఉంది, దాంట్లో నువ్వు నిద్రపోతన్నావు. మీ అమ్మ నా ముందు కూచుని, అవ్వా, నాకు తేళ్ళొద్దు, నెమళ్ళొద్దు, ఆ ఉయ్యాల పొడువు, బిడ్డ ఉయ్యాల దిగినాక కూడా నా చేతి మీద ఊగతా ఉండాల అంది. ఆముదం దీపం మసిలో బాలింత పాలు నాలుగు చుక్కలు కలిపితేనే మా మందు పచ్చదేల్తది. మీ అమ్మ పాలే పిండిచ్చింది. నీ పాలే అనుకో. చీర వంపు పొడిచినా, ఇటుపక్క తాడు పొడిచినా, అటుపక్క తాడుకి సూది ఎత్తినా. నువ్వు లేచినావు. ఊరంతా వినపడేటట్టు ఏడ్చినావు. సూది కింద చెయ్యి ఉన్నా ఆగలేదు మీ అమ్మ, వస్తన్నా, ఏడవబాక, వస్తన్నా అంటా లేచి పరిగెత్తింది. నువ్వు తాగి, తాగి, వదలవే. పొద్దు గుంకింది, మావోళ్ళు గాడిదల మీద మూటలెత్తినారు. నిన్ను భుజానేసుకుని వచ్చి, మళ్ళీ ఏడు పొడుద్దువులే అవ్వా, ఎవురికీ చెప్పను, నిండినాకే చూపిస్తా అంది. మళ్ళీ ఏడు మీ ఊరి మొదట్లోనే అడిగినా. లేదన్నారు. ఇది చెప్పి ముసలామె ముక్కు చీదుకుంది. చెంచమ్మ ఏడవలేదంట. ఇప్పుడు తెలిసింది గదా దానికి, కొడవలి ఎందుకో, గరిటె ఎందుకో, తేలెందుకో. ఒక వంపు, ఒక తాడు. మిగతాది ఎవురికి తెలిసింది వాళ్ళు కలుపుకున్నారు.

సరే అవ్వా, నాకు ఉయ్యాల పొడువు, నిండుగా, రెండు తాళ్ళతో అంది చెంచమ్మ. కోడలు చేత పొడిపిస్తాలే, కానీ మాకో పద్ధతుంది, ముందు మసితో గీస్తాం, గీసినాక ఒక కునుకు తియ్యాల, లేచినాక కూడా అదే కావాలంటేనే సూది ఎత్తేది, ఉత్సాహంలో పొడిపిచ్చుకుని మమ్మల్ని తిట్టుకునేవోళ్ళు చాలామంది అంది పోలమ్మ. కోడలు వచ్చింది, కుడి ముంజేతి మీద మసితో చక్కని ఉయ్యాల గీసింది. గుడారం నీడలోనే చెయ్యి పక్కకి పెట్టి పడుకుంది చెంచమ్మ. వాగు చప్పుడు ఉందో లేదో అన్నట్టుంది. రెప్ప వాలింది. మళ్ళా ఆ జొన్నచేనే, నడుం దాకా జొన్నల్లో ఆమే. అమ్మా, తెలిసిందే, ఉయ్యాల గదా అంది చెంచమ్మ. అప్పుడు తిరిగిందంట మాలకొండమ్మ. మొహం ఎట్టా ఉంది అంటే, చెంచమ్మ ఎవురికీ చెప్పలేకపోయింది, ఎండలోకి చూసినట్టుంది అనేది అంతే. జొన్నలు పక్కకి వాలినాయి. చీర ఉయ్యాల, ఒకపక్క తాడు పైకి పోయి ఎక్కడో మబ్బులో కట్టి ఉంది. రెండో పక్క తాడు లేదు. ఆ కొసని మాలకొండమ్మ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది, ఊపతా ఉంది. ఇన్నేళ్ళూ అట్టానే నిలబడి ఉంది. వదిల్తే ఎట్టమ్మా, పడిపోదా అంది.

చెంచమ్మ లేచి కూచుని, పక్కన ముంతలో నీళ్ళతో మసి కడగడం మొదలుపెట్టింది. వంపు కడిగేసింది, ఇటు తాడు కడిగేసింది. అటుపక్క తాడు ఒక్కటే ఉంచింది. ఇది పొడువు చాలు అంది. కోడలు తెల్లబోయింది. ఒక్క గీతా అంది. నిండుగా పొడిపిచ్చుకుంటే అది నా ఉయ్యాల అవుద్ది, మా అమ్మది సగంలోనే ఉంటది, దానికి కావాల్సింది ఈ తాడే అంది చెంచమ్మ. పోలమ్మ మెల్లగా చెప్పి చూసిందంట, తల్లీ, అత్తగారింట్లో నవ్వతారు, గీత గీకిచ్చుకొచ్చింది, ఈ మాత్రానికి సూదులోళ్ళు కావాల్నా అంటారు, ముసిల్దానివై పోయిందాకా అంటానే ఉంటారు, చెరిగేది కాదు అంది. అననీ అవ్వా, వాళ్ళకి చూపిచ్చేదానికా నేను పొడిపిచ్చుకునేది అంది చెంచమ్మ. గుడారంలో ఒక బాలింత ఉంటే ఆమె పాలు అడిగి మసి కలిపినారు. సూదుల కట్ట కోడలు పట్టుకుంది. గీత వంకర పోకుండా పక్కన ముసలామె వేలు పెట్టి కూచుంది. నొప్పి తెలియకుండా పాట అందుకుంది, సూది సూది చిన్నమ్మా, చురుక్కుమంటే ఓర్చమ్మా, పచ్చ పండి ఆరేలోగా పుట్టింటోళ్ళు వత్తారమ్మా అని. గీత పైకి పోయి, పైన ఒక చుక్క, ముడి అన్నమాట. పసుపు అద్ది, ఆముదం రాసి పంపించినారు.

ఇంటికి పోయి నాయనకి చూపిచ్చి అంతా చెప్పింది. వెంగయ్య ఆ గీత మీద చెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి, మళ్ళీ ఏడు అంటే ఇదా అన్నాడంట. అన్నం తినకుండానే పడుకున్నాడు ఆ పూట. మేనత్త మాత్రం, అయినా గరిటె అయితే నిండుగా ఉండేది అంది. ఆమె మారదు. పెళ్ళైంది, అత్తగారింట్లో నవ్వినారు, నవ్వకుండా ఉంటారా? గీతమ్మ అని పేరు కూడా పెట్టినారు. చెంచమ్మ ఏమనుకోలేదు. ఒక్కటే దిగులు, ఆ తర్వాత అమ్మ కలలోకి రాలేదు. మొదట్లో బెంగపడింది, మళ్ళా తనే సర్దుకుంది. చెయ్యి ఖాళీ అయింది గదా ఆమెకి, ఎక్కడో కాసేపు నడుం వాల్చి ఉంటదిలే అనేదంట.

పిల్లల్ని కని, మనవలని ఎత్తి, పండు ముసలమ్మై పోయింది చెంచమ్మ. పొయ్యే ముందు మంచం చుట్టూ అందరూ చేరినారు. రెండు రోజులనుంచి మాట పలుకు లేదు. ఉన్నట్టుండి కుడి చెయ్యి పైకెత్తింది. ముడతల్లో గీత కూడా సరిగా కనపడదు. వస్తన్నా, ఏడవబాక, వస్తన్నా అందంట. ఎవుర్ని అంటందో ఎవురికీ అర్థం కాలేదు. చిన్నకోడలు తననే అనుకుని కళ్ళు తుడుచుకుంది.

పైకి పోయినాక ఏమైందంటారా, నేను చూసొచ్చినానా చెప్పేదానికి. ఏందే, వలిచేది ఆపి అట్టా చూస్తన్నారు, చేటలో కాయలు అట్టానే ఉన్నాయి. నా చేతి మీదది అడగతారని తెలుసు. ఇది తేలే. మా ఆయన తన పేరు పొడిపిచ్చుకోమన్నాడు. పేరుంటే పైన కూడా గుర్తుపట్టి మజ్జిగ పొయ్యమంటాడని తేలు పొడిపిచ్చుకున్నా. ఆయన పోయి పన్నెండేళ్ళైంది. ఇప్పుడు ఒక్కోసారి అనిపిస్తది, పాపం, నన్నెట్టా కనుక్కుంటాడో అని. ఒక కునుకు తీసి పొడిపిచ్చుకోవాల్సింది.