మూలకి జరిగిన 'ఏమోయ్'

పక్షవాతంతో మాట పడిపోయిన భర్త లోపలి గదిలో నిద్రపోతున్నాడు. ఆఫీసు నుంచి వచ్చిన భార్య చెప్పులైనా విప్పకుండా, ఆయన చక్రాల కుర్చీకి బిగించిన, బాక్సు నొక్కితే మాట పలికే తెర ముందు ఆడపడుచును పట్టుకుంది.

"చూడు, మళ్ళీ మూలకే! పొద్దున మధ్యలో పెట్టి వెళ్ళానా లేదా?"

"పెట్టావు వదినా."

"మరి కాళ్ళొచ్చి నడిచిందా నా బాక్సు? పగలంతా ఇంట్లో ఉండేది నువ్వేగా."

"నేను ముట్టుకోలేదు. వేలితో పట్టుకుని లాగితే కదిలేలా చేశాను, అంతే. అన్నయ్యకి వీలుగా..."

"అబ్బో, వీలుగా! 'నీళ్ళు' కదల్లేదు, 'నొప్పి' కదల్లేదు, నీ 'చెల్లాయ్' అయితే నడిమధ్యన పీట వేసుక్కూర్చుంది. నా 'ఏమోయ్' ఒక్కటే కిందకి, ఎడమ మూలకి. రోజూ!"

"మెల్లిగా వదినా. నిద్రపోతున్నాడు."

"అదొకటి! ఈ మధ్య నేనొచ్చేసరికి నిద్రే. నా మొహం చూడ్డానిక్కూడా ఓపిక లేదు కాబోలు. పాతికేళ్ళలో ఒక్కసారి పేరు పెట్టి పిలిచాడా? 'ఏమోయ్' అంటే నేనే. ఆ పిలుపు కూడా ఇప్పుడు నీ గొంతులో వినాలి, నా ఖర్మ!"

"అన్నయ్యకి గొంతుంటే నాదెందుకు పెడతాను?"

"ఎదురు చెప్పకు. కదలకుండా చేసెయ్. అన్నీ. ఇప్పుడే."

"చెయ్యను."

"ఏంటీ?"

"చెయ్యనన్నాను. కంప్యూటర్ ప్రోగ్రాములో పట్టుకోవడానికో బ్లాకు, లాగడానికో బ్లాకు, వదలడానికో బ్లాకు, అన్నీ ఒకదానికొకటి అతికించి, వేలు వణికినా పని చేసేలా కూర్చడానికి నాకు పది రోజులు పట్టింది."

"అయితే రేపు ఈ తెర బయటికి పోతుంది. వెనకాలే నువ్వూ పోదువుగాని. నన్ను మూలకి తోసే యంత్రం నా ఇంట్లో వద్దు."

"తోసింది అన్నయ్యే."

"...ఏమన్నావ్?"

"అన్నయ్యే లాగాడు. ఎన్నిసార్లు పట్టుకున్నాడో, ఎన్నిసార్లు జారిందో తెర గుర్తుపెట్టుకుంటుంది. ఇవాళ డెబ్భై ఒక్కసార్లు."

"డెబ్భై... అంటే నేనంటే అంత కంటగింపా ఆయనకి? ఇంత చాకిరీ చేసి... చెప్పవేం?"

"చెప్పొద్దన్నాడు. చెప్పనా అన్నప్పుడల్లా 'వద్దు' నొక్కుతున్నాడు. వదిన ఉద్యోగం మానేస్తుందనా అంటే 'అవును' నొక్కాడు."

"మానెయ్యడమేంటి? ఏం దాస్తున్నారు మీరిద్దరూ?"

"ఎడమచెయ్యి కూడా పోతోంది వదినా. పొద్దున కాస్త ఎత్తగలుగుతున్నాడు. సాయంత్రానికి రెండు వేళ్ళే ఆడుతున్నాయి. అవి ఆ మూలకి తప్ప ఇంకెక్కడికీ అందవు."

"ఆ మూలకి... మరి నేను రోజూ దాన్ని మధ్యలోకి..."

"నేనెలాగూ పిలవకుండానే వస్తాను. నువ్వొచ్చే వేళకి నీ బాక్సు వేలికి అందాలని రోజంతా లాక్కుని లాక్కుని, తీరా నువ్వొచ్చేసరికి అలిసిపోయి నిద్రపోతున్నాడు వదినా."