రాజాంబాళ్ లేని సమాధి

ఏటి కాడ రాయికి దండం పెట్టుకోని వచ్చినావా అమ్మా చిత్రా? మంచిదే. బాగాయం నుంచి కోడలుగా వచ్చి వారం కాలేదు, నీకెవరు చెప్తారు. అది సమాధే కానీ, దాంట్లో ఎవరూ లేరు. నవ్వొద్దు, నిజమే చెప్తా ఉండా. కూచో. మీ అత్త కాఫీ తెచ్చేదానికి ఇంకా గంట పడుతుంది, ఆ యమ్మ పాలు కాచేది పూజ మాదిరి.

ఆ సమాధి రాజాంబాళక్కది. అక్క బతికున్నన్నాళ్ళూ దాని మీద కూచోని వక్కాకు వేసుకునేది. మొగుడు వెంకటాద్రి మన ఊరి నీరుగంటి. ఊటకాలవ ఆయన చేతిలో ఉండేది. ఏట్లో పైన నీళ్ళు లేకపోయినా ఇసక కింద ఉంటాయి కదా. సంక్రాంతికి తై నెల వస్తే ఇంటికొక మనిషి పారతో దిగి, ఆ ఇసకలో నడుములోతు కాలవ తవ్వితే, ఊటంతా చేరి ఊరికి వస్తుంది. ఎవరి మడికి ఎంతసేపు అనేది వెంకటాద్రి తన నీడను అడుగులతో కొలిచి చెప్పేవాడు. నీరుగంటికి సొంతంగా మడి ఉండకూడదు, అది కట్టుబాటు. మనుషుల మీద మన పెద్దోళ్ళకు అంత నమ్మకం.

అట్లుంటే, కేబుల్ టీవీ, బోరు రెండూ ఒకే ఏడు వచ్చినాయి. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ మడులుండే అప్పాసామి బోరు వేసి, "ఇంక ఇసక తవ్వే పని నాకేల" అన్నాడు. ఆయన మీసం తీస్తే ఊరంతా మీసాలు తీసే కాలం, ఇంక కాలవకు ఎవరు దిగుతారు? దానికి తోడు వేలూరులో మిద్దెలు లేస్తా ఉండాయి, ఇసక లారీలు దిగినాయి. ఎత్తింది మనవాళ్ళే, ఎవరినని చెప్పేది. ఏట్లో మన ఊరి మలుపు దాకా గుంతలే గుంతలు. మిగిలింది ఊటకాలవ తల, ఒక నలభై బారలు. ఆ ఇసక పోతే ఊట పోతుంది, ఊట పోతే ఊరికి తాగేదానికి కూడా ఉండవు. వెంకటాద్రి ఆఫీసులన్నీ తిరిగి చెప్పులు అరగదీసుకోని వచ్చి కూచున్నాడు. అక్క అన్నం పెడతా పెడతా, "రేపు లారీలు వస్తాయి. నన్ను చంపెయ్" అనింది.

ఆయన ముద్ద కంచంలో పెట్టేసినాడు. అక్క మాత్రం, "ఊట తల కాడ నా పేరుతో సమాధి కట్టించు. సమాధి తవ్వేంత ధైర్యం ఎవరికీ ఉండదు, అందులోనూ ముత్తైదువది" అనింది. నిన్నమొన్న తాళి కట్టించుకున్నదానివి, నీకు తెలియాలమ్మా. మొగుడు ఎదురుగా ఉండంగా తన పేరు రాయి మీద తానే చెక్కించుకునేది ఎంత కష్టం. తమిళంలోనే చెక్కినాము, తెలుగు రాసేది మనలో ఎవరికి వస్తుంది. తన బరిణె తెచ్చి తానే రాయికి కుంకం పెట్టింది. తుడిచి మళ్ళా పెట్టింది. "భయమా వదినా?" అని పక్కింటి మునియమ్మ అడిగితే, "కాదే, బొట్టు వంకర పోతా ఉండాది" అనింది.

రాత్రికి రాత్రే కట్టింది నేనే, మేస్త్రిని కదా. కాళ్ళ కిందే ఉండాదని రెండు గంపల ఇసక సున్నంలోకి తీయబోతే అక్క నా చెయ్యి పట్టుకునింది. "ఏరా సుబ్రమణ్యం, నేను చచ్చేది దేనికి?" నోరు మూసుకోని మట్టితో కట్టినాను.

లారీ మేస్త్రి పొన్నుసామి, తిరుపత్తూరాయన, సమాధి చూసి ఆగినాడు. నీరుగంటి పెళ్ళాందని చెప్పినాము. సరిగ్గా అప్పుడే అక్క మొగుడికి సద్ది తీసుకోని వచ్చింది. "ఇవంగ యారుమ్మా?" అన్నాడు, ఈమె ఎవరని. మునియమ్మ తటుక్కున, "చచ్చినామె తంగచ్చి" అని అక్కను చెల్లెల్ని చేసేసింది. అబద్ధాల్లో ఆ యమ్మకు మంచి అభ్యాసం. ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకోని, "అక్కకు ఏమైందమ్మా?" అన్నాడు. ఇది మేమెవరమూ అనుకోలేదు. అక్క ఆ నలభై బారల ఇసక దిక్కు చూసి, "నీళ్ళు లేక పోయింది" అనింది.

పొన్నుసామి సమాధికి దండం పెట్టినాడు. తర్వాత లారీలను వెనక్కి తిప్పించినాడు. అవి మళ్ళా ఈ మలుపు దాటి రాలేదు.

ఆ పొద్దు నుంచి అక్క తనకు తానే చెల్లెలు. దోవలో లారీవాళ్ళు కనపడితే మొగుణ్ణి "బావా" అని పిలిచేది. ముప్పై ఏళ్ళ సంసారం తర్వాత ఆ మనిషికి సిగ్గు రావడం చూసినాము.

మూడో ఏడు వాన లేదు. అప్పాసామి బోరు దుమ్ము కక్కింది. ఎవరూ చూడరులే అని మిట్టమధ్యాహ్నం కడవ తీసుకోని ఏటికి వచ్చినాడు, ఆడ ఊరంతా ఉండాది. ఆ తైకి ఇంటికొక మనిషి దిగినారు, అప్పాసామి ఇంటి నుంచి ఇద్దరు. అప్పటి నుంచి ఒక్క ఏడూ ఆగలేదు.

అక్క నిజంగా పోయింది ఆ తర్వాతనే. "నన్ను ఆడ పెట్టొద్దు, తాగే నీళ్ళు" అని ముందే చెప్పింది. గుట్ట పక్కన పెట్టినాము. ఎవరు చెప్పినారో, పొన్నుసామి మాల తీసుకోని వచ్చినాడు. వెంకటాద్రి రెండు చేతులూ పట్టుకోని, "ఇద్దరినీ పోగొట్టుకుంటివే అయ్యా" అన్నాడు. మేమంతా నేల చూసినాము. వెంకటాద్రి, "అవునప్పా, ఇద్దరినీ" అని, అంతవరకు ఏడవని మనిషి ఏడ్చినాడు.

...

కాఫీ వచ్చినట్టుంది. ఎల్లుండి కాలవ తవ్వేది, తెలుసునా? మీ ఇంటి నుంచి ఎవరు, నువ్వా, నీ మొగుడు మణికంఠనా? వాడు పార పట్టుకునేది నేను చూసినాను. నువ్వే రా అమ్మా.