ఖాళీ మంచాల మదింపు

నవ్వకు వదినా! అన్నయ్య కంటపడకుండా నేరుగా వంటింట్లోకొచ్చింది ఇందుకా? ఉల్లిపాయలకి ఏడుస్తున్నావో, నవ్వాపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నావో నాకు తెలీదనుకున్నావా?

అసలు నా ఉద్యోగమేమిటి? మన ప్రభుత్వం పరాయి దేశాలకి చేసే సాయం పనికొస్తోందా, నేలపాలవుతోందా అని వెళ్ళి చూసి రావడం. పనికొస్తే ఉంచుతారు, లేదంటే ఇంకో చోటికి మళ్ళిస్తారు. అంతా నా మాట మీదే! ఎంత గొప్పవాణ్ణో చూడు.

అలాంటి ఓ దేశంలో, కొండల్లో ఓ కాన్పుల ఆసుపత్రి మన డబ్బుతోనే నడుస్తోంది. పోయిన నెల వెళ్ళాను. అబ్బబ్బ, ఏం శుభ్రం! నేలలో నా మొహం నాకే కనబడింది. దుప్పట్లకి ఒక్క ముడత లేదు. కానీ ఒక్క బాలింత లేదు, పసిపిల్ల ఏడుపు లేదు. నేనేం చేశానూ? పెద్ద మేధావిలా కళ్ళజోడు సర్దుకుని, ఇక్కడికెవరూ రావడం లేదని రాసి పారేశాను. డబ్బు ఆపేశారు.

నిన్న అక్కడి నర్సమ్మ ఫోను. "మావల్ల ఏం తప్పు జరిగింది సార్? మీకు ఇబ్బందిగా ఉంటుందని అందరినీ తీసుకెళ్ళి బడిలో పడుకోబెట్టాం కదా" అంటోంది. పచ్చి బాలింతల్ని, వదినా! ఈ మహానుభావుడు నడవడానికి చోటు కావాలని!

ఆఁ, తెలుసులే. చుట్టాలొస్తున్నారంటే నువ్వూ పిల్లల్ని పక్కింటికి తోలేస్తావు. ఆ మాత్రం నాకు తట్టొద్దూ? ఇంత చదువూ ఏ గంగలో కలిసినట్టు?

ఇవాళ పొద్దున మీటింగులో లేచి, తప్పు నాదేనని చెప్పేశాను. తిడతారనుకున్నా. చప్పట్లు కొట్టారు! ఎంత నిజాయితీ అన్నారు. మళ్ళీ మదింపు చేయించాలన్నారు. ఎవరితోనా? ఇంకెవరు, నాతోనే! అనుభవమున్నవాణ్ణట.

చెప్పాపెట్టకుండా వెళ్తే? కుదరదు, ముందుగా కబురు పంపాలని రూలు. పోనీ అందాకా డబ్బివ్వండయ్యా అంటే, మదింపు తేలకుండా ఇవ్వరట. నర్సమ్మకి జీతం లేదు, మందుల్లేవు. ఈ వారం తలుపుకి తాళం వేసేస్తానంది. ఇక నెలలు నిండినవాళ్ళు నొప్పులు పడుతూ కొండ దిగాల్సిందే. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు వదినా, నిజం.

ఏం చేస్తాను? వెళ్తాను. ఆ తాళం వంక కాసేపు చూస్తాను. ఎంతమంది వస్తున్నారన్న చోట సున్నా పెడతాను. ఈసారి నా లెక్క తప్పని ఎవడూ అనలేడు.